చదువుకోవడానికే గ్రాఫిక్స్ కార్డు

ఆటలాడుకోవడానికి కంప్యూటర్ మేలా, టీవీకి తగిలించి ఆడే కన్సోల్ మేలా అన్న ధర్మసందేహం మీద లోకంలో పెద్ద పెద్ద వాదాలు నడుస్తున్నాయి. ఫ్రేములంటారు, టెరాఫ్లాపులంటారు, రే ట్రేసింగ్ అంటారు. పాపం, దేశకాలాలు ఎరగని వాదాలు. తెలుగింట్లో ఈ ప్రశ్నకు గీటురాయి ఒక్కటే: ఆ పెట్టె ఏమిట్రా అని నాన్న అడిగితే ఏం చెప్పాలి?

ఈ పరీక్షలో కంప్యూటర్ డిస్టింక్షన్‌లో పాసవుతుంది. ఎందుకంటే అది చదువు సామాను. లోపల ఏముందో ఎవరూ అడగరు. అంతటినీ కలిపి ‘సీపీయూ’ అనేస్తారు. అందులో తెర మీద బొమ్మలు గీసే ముప్పై వేల గ్రాఫిక్స్ కార్డుంటే, సివిల్ వాడికి అది ఆటోక్యాడ్ కోసం, సీఎస్‌ఈ వాడికి మెషీన్ లెర్నింగ్ కోసం. పూర్తిగా అబద్ధమూ కాదు. ఎన్‌విడియా కంపెనీ కార్డులో ఆటను నడిపే కోర్లే, అంటే లెక్కలు చేసే భాగాలే, మెషీన్ లెర్నింగ్‌లోని న్యూరల్ నెట్‌వర్కునూ నడుపుతాయి. వాటి పేరే కుడా కోర్లు. ఆట కూడా, చదువు కూడా అని అర్థం చెప్పుకోవచ్చు. 2021లో వచ్చిన ఆ కంపెనీ కార్డు ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ మెమరీ ఉంది కనుక చిన్నపాటి లాంగ్వేజ్ మోడళ్లు అందులో పడతాయి. పడతాయి అన్నాం గానీ, కొన్నవాళ్లు పడేశారని అనలేదు.

కన్సోల్‌కి ఈ సౌకర్యం లేదు. ప్లేస్టేషన్ అని పేరులోనే ‘ప్లే’ పెట్టుకుని పుట్టిన వస్తువు ఏ మొహం పెట్టుకుని ఎంసెట్ రాయబోయే పిల్లాడున్న ఇంట్లో అడుగుపెడుతుంది? ఇంకో కన్సోల్ ఎక్స్‌బాక్స్ నయమనుకుంటే, దాని నుదుటి మీదే ఇంటూ మార్కు. దాచడానికీ వీల్లేదు. మొదటి ప్లేస్టేషన్ 5 నిలబెడితే 39 సెంటీమీటర్ల ఎత్తు, నాలుగున్నర కిలోల బరువు. దేవుడి గదిలో పెట్టినా దేవుడి కంటే ముందు అదే కనిపిస్తుంది.

కన్సోలు ఈ రహస్యం గ్రహించిన కాలం ఒకటుంది. తొంభైల్లో, ఆ తర్వాత కొన్నేళ్లు మన ఊళ్లలో ‘వీడియో గేమ్’ పేరుతో అమ్ముడైన జపాన్ కన్సోల్ ఫామికామ్ నకళ్లలో కొన్ని, ఒంటికి కీబోర్డు తగిలించుకుని, టైపింగ్ నేర్పే క్యాసెట్ ఒకటి వెంటబెట్టుకుని, ఎడ్యుకేషనల్ కంప్యూటర్ వేషంలో వచ్చాయి. టైపింగ్ క్యాసెట్ కొత్తది కొత్తగానే ఉండిపోయింది. తుపాకుల ఆట కాంట్రా క్యాసెట్ అరిగిపోయింది. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి ఊదేవాళ్లం కదా, ఆ ఊదుడు వల్ల పనిచేసిందనుకోవడం భ్రమ. 60 పిన్నుల మీద పట్టిన మకిలి, క్యాసెట్‌ను తీసి మళ్లీ గుచ్చినప్పుడు రాసుకుని పోయేది, అంతే. ఊపిరిలోని తడి వల్ల పిన్నులు ఇంకాస్త చిలుము పట్టేవి. ఇది రాస్తే ఒక తరం మనోభావాలు దెబ్బతింటాయని తెలుసు.

ఇక తత్త్వంలోకి వద్దాం. కన్సోల్ అద్వైతం. ప్లేస్టేషన్ 5లో ప్రాసెసరూ గ్రాఫిక్సూ ఒకే చిప్పు. 16 జీబీ మెమరీ ఇద్దరికీ ఉమ్మడి. కంప్యూటర్ నికార్సైన ద్వైతం. ప్రాసెసర్ వాడుకునే మెమరీ, అంటే ర్యామ్ వేరు, కార్డు మీద వీడియో మెమరీ వేరు. రెండింటి మధ్యా మదర్‌బోర్డు మీదుగా సామాను మోసుకోవాలి. 8 జీబీ కార్డుని ఆట 10 జీబీ అడిగిందనుకోండి, పట్టని సరుకు ర్యామ్‌లోకీ కార్డులోకీ తిరుగుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే మీ హీరో మలుపు తిరగబోతూ ఒక కాలు గాల్లో పెట్టి ఆలోచనలో పడతాడు. టెక్స్చర్ క్వాలిటీ ఒక మెట్టు దించితే మళ్లీ నడుస్తాడు. ఉమ్మడి కుటుంబంలో ఈ తిప్పలు తక్కువ. కానీ ఆ 16కి ఇంకో 16 చేర్చుకునే హక్కు కూడా ఉండదు. ఏ కుటుంబంలోనైనా అంతే.

ఖర్చు సంగతి. ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరిలో, డిస్క్ పెట్టేది 49,990 రూపాయలకి వచ్చింది. 2022 నవంబరులో 54,990 అయింది. పాతబడే కొద్దీ రేటు పెరగడం అంతకుముందు మనం చింతకాయ పచ్చడిలోనే చూశాం. అయినా అది ఒక్క అంకె. కంప్యూటర్‌ది అంకె కాదు, ప్రయాణం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాను అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, జనం నోట సీటీసీకి, యాభై వేల కాగితంతో వెళ్లినవాడికి మొదటి కౌంటర్‌లోనే జ్ఞానోదయం అవుతుంది. ‘అన్నా, ఇంకో పదిహేను వందలు ఏసుకుంటే ఎనిమిది కోర్లొస్తయ్.’ ఆ ఎనిమిది కోర్లకి ఇంకాస్త మంచి మదర్‌బోర్డు, దానికి ఇంకాస్త మంచి కూలర్. మెట్లు దిగేసరికి డెబ్భై అయిదు. ఇంట్లో మాత్రం నలభై అయిదని చెప్తారు. ఈ తేడాని అకౌంటింగ్‌లో ఏమంటారో గానీ, పీసీ గేమింగ్‌లో సంప్రదాయం అంటారు.

పైగా ఆ కార్డుల ధర మన చేతిలోనూ లేదు, కొట్టువాడి చేతిలోనూ లేదు. 2021లో ఇథీరియం అనే డిజిటల్ నాణేన్ని కార్డుల మీద లెక్కలు నడిపి తవ్వేవాళ్లు కార్డులు ఎత్తుకుపోయారు. 2022 సెప్టెంబరులో ఆ తవ్వకం పద్ధతే రద్దయ్యేసరికి, రాత్రీపగలూ కాలిన కార్డులు ‘లైట్‌గా వాడినవి’ అన్న పేరుతో సెకండ్ హ్యాండ్ బజార్లోకి వచ్చాయి. అలాంటిది కొనేటప్పుడు అమ్మేవాడి ఇంట్లోనే, కార్డుని కష్టపెట్టి పరీక్షించే ఫర్‌మార్క్ ప్రోగ్రాము అరగంట నడిపించండి. కార్డు సగటు వేడికీ, హాట్‌స్పాట్ (అందులో అన్నిటికంటే వేడెక్కిన చోటు) వేడికీ 20 డిగ్రీలకు మించి తేడా వస్తే లోపల వేడిని లాగే పేస్టు ఎండిపోయిందని, ఫ్యాను గరగర అంటే బేరింగు వెళ్లిపోతోందని లెక్క. 2025 చివరికి వచ్చేసరికి ఏఐ డేటా సెంటర్లు ర్యామ్ మీద పడి దాని ధర పెంచాయి. టమాటా ధర పెరిగితే కనీసం ధర్నా అయినా చేస్తారు.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న పెద్దలు బతికుంటే ‘పీసీ కట్టి చూడు’ అని మూడోది చేర్చేవారు. కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ రేకు ఒలవకుండా బిగించి, ప్రాసెసర్ నిమిషంలో 95 డిగ్రీలు కొడుతోందని కంపెనీని తిట్టడం మొదటి ఘట్టం. థర్మల్ పేస్టు బఠానీ గింజంత చాలు. దోసె మీద చట్నీలా పులమక్కర్లేదు. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు ర్యాములుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టాలి. మొదటి రెండింట్లో పెడితే రెండూ ఒకే ఛానెల్ మీద పడి సగం దారిలోనే నడుస్తాయి. పెట్టాక కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి, ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ ఆన్ చేయకపోతే, 3200 అని డబ్బులిచ్చి కొన్న డీడీఆర్4 ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో కూర్చుని ప్రభుత్వోద్యోగం చేసుకుంటుంది.

ఇంతకంటే పెద్ద పాపం ఇంకోటుంది. కార్డు కొని, మానిటర్ వైరుని మాత్రం పైనున్న మదర్‌బోర్డు పోర్టులో గుచ్చడం. అప్పుడు బొమ్మ వచ్చేది ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ నుంచి. ముప్పై వేల కార్డు కింద చల్లగా నిద్రపోతుంది. ఆ దోషం లేనివారికి ఇంకో దోషం: సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే 144 హెర్ట్జ్ మానిటర్ తెచ్చి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేటు మార్చకపోవడం. నెలల తరబడి 60లోనే ఆడుతూ, ‘అబ్బ, 144 అంటే ఆ స్మూత్‌నెస్సే వేరు’ అని స్నేహితులకు చెప్పేవాళ్లున్నారు. భక్తి అంటే అదే.

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు పంచే డబ్బా గురించి ఒక్క మాట. ఉచితంగా వచ్చిన వరుణ్ణి కూడా నాలుగు చోట్ల విచారిస్తాం. స్టిక్కర్ మీద 500 వాట్లని ఉన్నా, పక్కన 12 వోల్టుల గడిలో ఎన్ని యాంపియర్లున్నాయో చూసి 12తో హెచ్చించండి. కార్డుకీ ప్రాసెసర్‌కీ నిజంగా అందేది ఆ అంకె. మరీ ఖరీదైన వైపు వెళితే కష్టాలు తీరతాయా అంటే, 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల్లో కొన్నింటి 16 పిన్నుల కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగక, వేడెక్కి కరిగిపోయింది. లక్షన్నర పైచిలుకు పెట్టి కొన్నవాడు దాన్ని దీపారాధనకి వాడుకోవచ్చు.

ఇంత కట్టాక కరెంటు పోతుంది. పెట్టె మీద 600 వీఏ అని పెద్దక్షరాలతో రాసిన యూపీఎస్ నిజానికి మోసేది 360 వాట్లు. చదువుకునేటప్పుడు కంప్యూటర్ వంద వాట్లు తాగుతుంది కనుక నిక్షేపంగా మోస్తుంది. ఆట నడుస్తుండగా కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి 400 దాటితే ఒక్క కూత కూసి అన్నిటినీ ఆర్పేస్తుంది. ఇంట్లో అబద్ధాన్ని పసిగట్టేది యూపీఎస్ ఒక్కటే. ప్లేస్టేషన్ 5 ఆటలో ఉండగా కూడా సుమారు 200 వాట్లే కనుక, అదే యూపీఎస్ మీద టీవీతో సహా బతికిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు వెనకున్న స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే కరెంటు మారే ఆ లిప్తకాలంలో కన్సోల్ ఆరిపోతుంది, మళ్లీ వెలిగించగానే ‘నన్ను సరిగ్గా ఆఫ్ చేయలేదు’ అని అలుగుతుంది.

ఆటల విషయంలో కన్సోల్ వాళ్లకి పుట్టుకతో ఒక గర్వం: ముందు మాకే వస్తాయి. కాదనలేం. జీటీఏ 5 అనే ఆట కన్సోళ్లకి 2013 సెప్టెంబరులో వస్తే కంప్యూటర్లకి 2015 ఏప్రిల్. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఏడాది ఆలస్యం. జీటీఏ 6 కూడా ముందు కన్సోళ్లకే అన్నారు. కంప్యూటర్ వాడు ఈలోగా కొత్త కార్డు కొని, దాని మీద జీటీఏ వరసలోనే పాత ఆట వైస్ సిటీ ఆడుకుంటాడు. దానికీ కారణముంది. వైస్ సిటీలో పోలీసులు వెంటపడితే ‘లీవ్ మీ ఎలోన్’ అని అక్షరాలు కొడితే చాలు, వెళ్లిపోతారు. యుద్ధ ట్యాంకు కావాలంటే ‘పాంజర్’. నెట్ కేఫుల్లో ఒక తరం ఇంగ్లీషు స్పెల్లింగులు నేర్చుకున్నది వీటి వల్లే. కన్సోల్‌లో ఇదే పనికి ఆర్1, ఆర్1, సర్కిల్ అంటూ బటన్ల వరసని సంధ్యావందనంలా కంఠస్థం చేయాలి. కంప్యూటర్ చదువు సామానే అన్నది ఇందుకే.

కన్సోల్‌లో ఆట పెట్టగానే ఆడుతుందన్న నమ్మకం కూడా 2020 డిసెంబరుతో చెడింది. సైబర్‌పంక్ 2077 పాత కన్సోళ్ల మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ కంపెనీ సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసింది. తిరిగి పెట్టడానికి ఆరు నెలలు పట్టింది. కంప్యూటర్ వాళ్లు నవ్వారు. 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ కంప్యూటర్లకి వచ్చింది. మెనూ దగ్గరే షేడర్లు, అంటే బొమ్మలు గీయడానికి కార్డుకిచ్చే చిన్న ప్రోగ్రాములు, తయారుచేసుకుంటూ కూర్చుంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల కొట్టులో కొన్న ఆట 14 రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకపోతే వాపసు ఇస్తారు కదా. ఆ రెండు గంటల్లో పెద్ద భాగం షేడర్లకే పోయినవాళ్లున్నారు. ఈసారి కన్సోల్ వాళ్లు నవ్వారు.

డబ్బు లెక్కలో మాత్రం మన మధ్యతరగతి బుర్ర బాగా పనిచేస్తుంది. 2020 మేలో ఇంకో ఆన్‌లైన్ కొట్టు ఎపిక్ వాళ్లు జీటీఏ 5ని ఉచితంగా ఇస్తే, జనం తాకిడికి వాళ్ల స్టోరే పడిపోయింది. ప్లేస్టేషన్ వాడు అదే నెట్‌తో డబ్బిచ్చి కొన్న ఆటని నలుగురితో ఆడాలంటే పీఎస్ ప్లస్ చందా కట్టాలి. కానీ అతని చేతిలో డిస్కుంది. ఐదు వేలకి కొని, పది రోజుల్లో ముగించి, మూడున్నరకి అమ్మేస్తే ఆట పదిహేను వందలు పడింది. స్టీమ్‌లో కొన్నది కొడుక్కి వీలునామా రాయడానికి కూడా లేదు. డిస్కు పెట్టే చోటు లేని డిజిటల్ ఎడిషన్ పదివేలు తక్కువని మురిసిపోయి కొన్నవాళ్లకి ఈ లెక్క మూడో ఆట దగ్గర తెలుస్తుంది.

ఇక కన్సోల్ అసలు సంకటం టీవీ. కంప్యూటర్‌కి సొంత మానిటర్ ఉంటుంది. కన్సోల్ ఇల్లరికపు అల్లుడు. టీవీ ప్రతి బొమ్మకీ మెరుగులు దిద్దుతుంది, రంగు పెంచుతుంది, కదలికలు నున్నగా చేస్తుంది. ఆ మేకప్ అయ్యేలోపు మీరు నొక్కిన బటన్ తాలూకు గుద్దు ఆలస్యంగా పడుతుంది. అందుకే పిక్చర్ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టాలి. మేకప్ ఆగి గుద్దు వెంటనే పడుతుంది. చిక్కల్లా ఏమిటంటే చాలా చవక టీవీలకి రెండే హెచ్‌డీఎంఐ పోర్టులు. ఒకటి సెట్‌టాప్ బాక్సుది, ఇంకోటి సౌండ్‌బార్‌ది. కన్సోల్ కావాలంటే సెట్‌టాప్ బాక్స్ వైరు పీకాలి. రాత్రి ఒంటిగంటకి ఆట ముగించినవాడు వైరు తిరిగి పెట్టడం గుర్తుంచుకుంటాడు, ఆ పోర్టుకి గేమ్ మోడ్ తీయడం మర్చిపోతాడు.

మర్నాడు ఏడున్నర సీరియల్లో కోడలి పట్టుచీర వెలిసిపోయి, అత్తగారి మొహం పాలిపోయి కనిపిస్తాయి. ‘ఆ దిక్కుమాలిన పెట్టె తగిలించాకే టీవీ కళ తప్పింది’ అని అమ్మ తీర్పు. రిమోట్‌తో మార్చడానికి పది సెకన్లు చాలు. కానీ మార్చితే నేరం ఒప్పుకున్నట్టు. మార్చకపోతే శనివారం మెకానిక్ వచ్చి, టీవీని నాలుగు వైపులా తట్టి, ‘ప్యానెల్ పోయిందమ్మా’ అంటాడు. పక్క గదిలో తలుపేసుకుని తమ్ముడు మాత్రం ప్రాజెక్టు వర్కు చేసుకుంటూ ఉంటాడు, 144 హెర్ట్జ్‌లో.