నడిరోడ్డు రాయిగారికి బహిరంగ లేఖ

అయ్యా రాయిగారూ,

చిలకపాలెం నుంచి రాజాం వెళ్లే రోడ్డులో, ఎడమ పక్కన, సరిగ్గా బైకు ముందు చక్రం వచ్చే వరసలో మీరు కొలువు తీరి చాలా రోజులైంది. మిమ్మల్ని మొదట రోడ్డు మీద వేసిన ట్రాక్టరు ఎప్పుడో వెళ్లిపోయింది. అది మోసుకెళ్లిన ధాన్యం మిల్లులో ఆడి, బియ్యమై, ఈపాటికి ఎవరి కంచంలోనో అన్నం కూడా అయిపోయి ఉంటుంది. మీరు మాత్రం డ్యూటీ దిగలేదు. గవర్నమెంటు ఆఫీసుల్లో ఇంత నిబద్ధత ఉన్నవాళ్లని నేను చూడలేదు, అందుకే ఈ ఉత్తరం.

మీకు ఉద్యోగం వచ్చిన రోజు నేను పక్కనే టీ కొట్టు దగ్గర ఉన్నాను. ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కు నిండా బస్తాలు, దాని ఎడమ టైరు అరిగి అరిగి గుండైపోయింది, అందులో మేకు దిగింది. డ్రైవరు దిగి టైరుని ఒక తన్ను తన్నాడు (ఎందుకో తెలీదు, పంచరైన టైరుని తన్నని డ్రైవరుని నేనింతవరకు చూడలేదు). కారైతే డిక్కీలో స్టెప్నీ ఉంటుంది, జాకీ ఉంటుంది, ఎర్ర త్రికోణం కూడా ఉంటుంది, కవరు విప్పనిది. ట్రక్కుకి అవేవీ ఉండవు. "స్టెప్నీ లేదా?" అని టీ కొట్టాయన అడిగితే డ్రైవరు నవ్వేసి "ట్రక్కుకి స్టెప్నీ ఎవుడు కొంతాడు బాబూ" అన్నాడు. జాకీ సంగతి అడిగితే అది ఇంకో బండిలో ఉండిపోనాది అన్నాడు. అప్పుడు బండి మీద వచ్చిన కుర్రాడు వెళ్లి తూము గోడ నుంచి ఊడొచ్చిన మిమ్మల్ని రెండు చేతులా పొట్టకి ఆనించుకుని తెచ్చాడు. ఒక పక్క నలుపు తెలుపు చారలు, ఇంకో పక్క ఎండిపోయిన సిమెంటు. ఇంటర్వ్యూ లేదు, రోస్టరు లేదు, నేరుగా పోస్టింగు.

ఆ తర్వాత మీ ప్రమోషన్లు చూసి నాకు కుళ్లు పుట్టింది. మొదట బాగున్న టైరు వెనక ఎత్తు రాయిగా పెట్టారు, బండి దొర్లకుండా. ఎక్కడినుంచో అరువు జాకీ వచ్చాక, రోడ్డు అంచున మట్టి మెత్తగా ఉండి జాకీ పైకి లేవడం మానేసి కిందికి దిగబడుతుంటే, మిమ్మల్ని లాగి జాకీ కింద పీట చేశారు. మరి ఆ రెండో టైరు వెనక ఎవరున్నారు? ఎవరూ లేరు. ట్రక్కు ఒకసారి "కిర్ర్" మని ముందుకి జరిగింది, కుర్రాడు లోపల నుంచి కప్పలా ఎగిరి బయటపడ్డాడు, డ్రైవరు "ఏటీ అవలేదు, ఏటీ అవలేదు" అన్నాడు. ఏదీ అవలేదు కాబట్టి ఆ సంగతి అక్కడితో వదిలేశారు.

పద్ధతి అనేది ఒకటుంది కదా అని మీకు గుర్తుచేస్తున్నాను, వాళ్లకి చెబితే వినరు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చెయ్యాలి, గాల్లోకి లేపాక స్పానరు వేస్తే చక్రం కూడా తిరుగుతుంది. ట్రక్కుని ట్రాక్టరు నుంచి విప్పకూడదు, రెండు చక్రాల ట్రక్కు బరువు కొంత ఆ కొక్కెం మీదే ఉంటుంది, విప్పితే ముక్కు నేలకి తగిలేలా వాలిపోతుంది. లోడు దించాలి. జాకీ కింద మందపాటి చెక్క వెయ్యాలి. బిగించేటప్పుడు ఒక నట్టు, దాని ఎదురు నట్టు, అలా మార్చి మార్చి బిగించి, కొన్ని కిలోమీటర్లు పోయాక ఆపి మళ్లీ ఒకసారి చూడాలి. ఇంతే, దీనికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. ఆ రోజు మాత్రం లోడు దించలేదు, నట్లు వరసగా గడియారం ముల్లులా బిగించుకుంటూ పోయారు, ఆఖరి నట్టుకి స్పానరుకి పైపు తగిలించి దాని మీద కుర్రాణ్ణి ఎక్కించి గెంతించారు.

టైరు విప్పి బైకు మీద పంచర్ షాపుకి పట్టుకెళ్లి, తెచ్చి బిగించేసరికి చీకటి పడింది. జాకీ దించాక, బండి కదిలేదాకా, మీకు మూడో పోస్టు: సిగ్నల్ లైటు. ట్రక్కుకి వెనక లైటు ఉంది, దాన్ని వేలాడుతున్న గోనె పట్టా కప్పేసింది. రిఫ్లెక్టరు స్టిక్కరు మీద బురద. అందుకని మిమ్మల్ని వెనకాల నాలుగు అడుగుల దూరంలో పెట్టి, మీకు అసిస్టెంటుగా ఒక వేప మండ ఇచ్చారు. మండ తెల్లారేసరికి గాలికి కొట్టుకుపోయింది. దానికి ఉన్న బుద్ధి మీకు లేకపోయింది.

1988 మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షను చదివాను. బండిని గానీ ట్రైలరుని గానీ ఇతరులకి ప్రమాదం కలిగేలా రోడ్డు మీద వదలకూడదంట, ట్రైలరు అనే మాట పెట్టి మరీ రాశారు. అందులో రాయి ఊసు లేదు. ట్రక్కు అక్కడ ఉన్నంతసేపు అది నేరం, ట్రక్కు వెళ్లిపోయి మీరు మిగిలితే అది భూగోళం.

మీ చుట్టాలని తలుచుకుంటే మీ మీద జాలేస్తుంది. టెక్కలి వైపు మీ వాళ్లు నీలి గ్రానైటుగా పాలిష్ చేయించుకుని ఓడలెక్కి విదేశాలు వెళ్తున్నారు. విజయనగరం కోటలో మీ పెద్దలు 1713 నుంచి కూర్చున్నారు, టూరిస్టులు వాళ్ల పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. అరసవల్లిలో మీ జాతివాడే సూర్యనారాయణమూర్తి, ఏడాదికి రెండుసార్లు కిరణాలు నేరుగా వచ్చి కాళ్లు తాకుతాయి. మిమ్మల్ని తాకేవి బైకుల హెడ్‌లైట్లు, అదీ ఆఖరి క్షణంలో. పాలక్యానులు కట్టుకుని తెల్లవారుజామున మంచులో వచ్చేవాడికి మీ చారలు లేని పక్కే ఎదురౌతుంది.

నేను మిమ్మల్ని ఓసారి పక్కకి దొర్లించాను, ఆ తూము దాకా. వారం తిరక్కుండా సరుగుడు కర్రల లోడుతో ఇంకో ట్రక్కు, ఇంకో మేకు, మళ్లీ మీరే. పని అయ్యాక ఈసారి ఇంకాస్త ముందుకి, రాజాం వైపు వదిలారు. పంచర్ పంచర్‌కీ మీరు ఇలా ముందుకి జరుగుతున్నారని టీ కొట్టాయన నాకంటే ముందే కనిపెట్టాడు. "సంకురాత్రికి రాజాం చేరిపోతాడండి" అన్నాడు, మిమ్మల్ని వాడు అని పిలిచే చనువు ఆయనకి ఎప్పుడొచ్చిందో.

సరే, చేరాక నడి సెంటర్లో మాత్రం ఆగకండి. ఏదైనా పంచర్ షాపు చూసుకుని ముందు కూర్చోండి, పాత టైర్ల పక్కన. రాత్రి పూట కనీసం అక్కడ ట్యూబులైటు వెలుగుతుంది.

ఇట్లు,
రోజూ మిమ్మల్ని తప్పించుకుని వెళ్లే ఒక స్కూటరువాడు