నెలకో డాక్టరొస్తే ఫ్యామిలీ డాక్టర్ ఎలా అవుతారు?

మా పెద్దమ్మకు డెబ్బై రెండేళ్లు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. పోయిన సంక్రాంతికి ఊరెళ్లేసరికి కాళ్లు పొంగిపోయి, చెప్పులు పట్టడం లేదు. మాత్రలన్నీ ఒక క్యారీ బ్యాగ్‌లో వేసి గూట్లో పెట్టుకుంటుంది. మంచం మీద కుమ్మరించి చూశాను. ఒక షీటు ఎర్రది, ఇంకోటి తెల్లది. కంపెనీలు వేరు, పేర్లు వేరు. వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదివితే రెండిట్లోనూ ఉన్నది ఆమ్లోడిపిన్ అనే బీపీ మందే. ఒకటి టౌన్లో డాక్టరు రాసింది, రెండోది ఊళ్లోకి వచ్చిన డాక్టరు రాసింది. ఆ మందు డోసు పెరిగితే కాళ్ల వాపు వస్తుంది. ఆ వాపు చూసి మూడో డాక్టరు నీరు పోవడానికి ఇంకో మాత్ర రాశారు. ముగ్గురూ తమ కంటికి కనిపించినదానికి మందు రాశారు. ఆ క్యారీ బ్యాగ్ మొత్తం చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం కథ అందరికీ తెలిసిందే. 2022 అక్టోబరులో ట్రయల్ మొదలైంది. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో పూర్తిస్థాయిలో ప్రారంభించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) ఇద్దరు డాక్టర్లు. ఒకరు ఆస్పత్రిలో ఉంటే, మరొకరు 104 వాహనంలో ఊళ్లకు. ప్రతి విలేజ్ క్లినిక్‌కూ నెలకు రెండుసార్లు. మంచం దిగలేనివాళ్లను ఇంటికే వెళ్లి చూడాలి. తెలంగాణలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు, ఆ తర్వాత పల్లె దవాఖానాలు. ప్రభుత్వాలు మారాయి, బోర్డుల మీద పేర్లూ మారాయి. ఎన్ని రకాల మందులు, ఎన్ని పరీక్షలు అనే లెక్క మాత్రం ప్రతి ప్రభుత్వమూ చెబుతుంది. ఈ నెల వచ్చిన డాక్టరే వచ్చే నెలా వస్తున్నారా అనే లెక్క ఎవరూ చెప్పరు. నా దృష్టిలో అసలు అడగాల్సింది అదొక్కటే.

నార్వేలో 2001 నుంచి దాదాపు ప్రతి మనిషి పేరూ ఒక డాక్టరు జాబితాలో ఉంటుంది. అక్కడి పరిశోధకులు సుమారు 45 లక్షల మంది రికార్డులు తీసి చూశారు. ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవాళ్లను, ఏడాది మాత్రమే ఉన్నవాళ్లతో పోల్చారు. అత్యవసరంగా ఆస్పత్రిలో చేరాల్సి రావడం 28 శాతం తక్కువ. మరణాలు 25 శాతం తక్కువ. డాక్టరు మారకపోవడమే మొత్తం కారణమని ఈ అంకెలు తేల్చలేవు, నిజమే. కానీ పరిచయం ఎన్నేళ్లు పెరిగితే ఈ తేడా కూడా అంత పెరుగుతూ పోయింది. ఏ కొత్త మందుకైనా ఇలాంటి ఫలితం వస్తే మన పేపర్లు మొదటి పేజీలో వేసేవి.

మన పెద్దవాళ్లు దీన్నే హస్తవాసి అన్నారు. ఆయన చెయ్యి పడితే చాలు జ్వరం దిగుతుందనేవారు. అందులో మహిమేమీ లేదు. ఆ డాక్టరుకు ఇంటిల్లిపాదీ తెలుసు. ఎవరికి ఏ మందు పడదో, ఎవరు కాస్త నెమ్మదించగానే మాత్రలు మానేస్తారో, తాత ఏ జబ్బుతో పోయాడో అన్నీ తెలుసు. నలభై ఏళ్ల కొడుకు ఆయాసమని వస్తే, తండ్రికి నలభై అయిదులోనే గుండెపోటు వచ్చిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి ఊరి డాక్టరు నుంచి మనం ఆశించాల్సింది పెద్ద మిషన్లు కాదు. ఆ డాక్టరు కనీసం రెండు మూడేళ్లు ఉండాలి. ఏడాదికోసారైనా ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెప్పించుకుని, అక్కర్లేనివి తీసేయాలి. పెద్దాసుపత్రికి పంపితే చేతిలో ఒక ఉత్తరం పెట్టాలి, తిరిగొచ్చాక అక్కడ ఏం చేశారో చూడాలి. ఈ స్కానింగ్ మీకు అవసరం లేదని ధైర్యంగా చెప్పగలగాలి. ఆ మాట చెప్పడానికి డిగ్రీ ఒక్కటే చాలదు, మనిషి తెలిసి ఉండాలి.

ఇప్పుడు మన ఆరోగ్య రికార్డులన్నీ ఒకచోట కలిపే అభా నంబరు ఉంది, రికార్డులన్నీ ఆన్‌లైన్లోకి వస్తున్నాయి, ఏ డాక్టరైతేనేం అంటారు కొందరు. రికార్డు కావాల్సిందే, కాదనను. కానీ అందులో ఆమ్లోడిపిన్ రాసి ఉంటుంది. పెద్దమ్మ ఉపవాసం రోజున షుగర్ మాత్ర మానేస్తుందనీ, అడిగితే వేసుకున్నానంటుందనీ అందులో ఎక్కడుంటుంది?

డాక్టర్లు ఊళ్లో ఎందుకు నిలవరు? ఇక్కడ తప్పు ప్రభుత్వానిదే కాదు, మనది కూడా. ‘ఉత్త ఎంబీబీఎస్సేనా? పీజీ చెయ్యలేదా?’ అని అడిగేది మనమే. మన పిల్లలు పీజీ సీటు కోసం ఏళ్లకేళ్లు గదుల్లో కూర్చుంటున్నారు. ఆంధ్రప్రదేశ్ పీహెచ్‌సీ డాక్టర్లు 2024లో, మళ్లీ 2025లో ఆందోళనకు దిగింది కూడా ప్రధానంగా పీజీ ఇన్‌సర్వీస్ కోటా కోసమే, అంటే సర్వీసులో ఉన్న డాక్టర్లకు కేటాయించే పీజీ సీట్ల కోసమే. వాళ్లను నేను తప్పు పట్టను. పీహెచ్‌సీ నుంచి పైకి వెళ్లే దారి ఒక్కటే పెట్టాం, అది కూడా పీహెచ్‌సీని వదిలి వెళ్లే దారి. ఊళ్లో పదేళ్లు ఉన్న డాక్టరుకు ఉన్నచోటే స్పెషలిస్టుతో సమానంగా జీతం, హోదా, పిల్లల చదువుకు దారి ఎందుకు ఉండకూడదు?

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ ఆ పథకంతోనే మన ఆలోచన ఆపరేషన్ బల్ల దగ్గర ఆగిపోయింది. ఎన్నికలొస్తే పార్టీలు పోటీ పడేది కార్డు మీద ఎన్ని లక్షలు పెంచుతామని. ఆరోగ్య బడ్జెట్‌లో మూడింట రెండొంతులు, అంతకు మించి కూడా ప్రాథమిక వైద్యానికే పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలోనే రాసుకున్నాం. స్టెంట్‌కు లక్ష ఇవ్వగలిగిన రాష్ట్రం, ఆ స్టెంట్ అవసరం రాకుండా చూసే డాక్టరును ఒకే ఊళ్లో అయిదేళ్లు ఉంచలేదా?

విలేజ్ క్లినిక్‌కు వచ్చే ఒక యువ డాక్టరు మా పెద్దమ్మ సంచీ అంతా చూసి, తెల్ల షీటు, నీటి మాత్ర ఆపించారు. మూడు వారాల్లో వాపు తగ్గింది. ఆ అమ్మాయి వచ్చే రోజు కోసం పెద్దమ్మ ఎదురు చూసేది. పోయిన నెల ఆమె పీజీలో చేరి వెళ్లిపోయింది. కొత్త డాక్టరు వచ్చారు. పెద్దమ్మను కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న: ‘బీపీ ఎప్పటి నుంచి ఉందమ్మా?’