డబ్బులిచ్చి కొన్న సిమ్యులేటర్‌కు, రొయ్యల గుంట గట్టు మీద నుంచి

ఆర్‌సీ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు,

మీరు అనాలా నువ్వు అనాలా అని కాసేపు ఆలోచించాను. రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానాలు నడపడం కంప్యూటర్ తెర మీద నేర్పే సాఫ్ట్‌వేర్ అని ఎనిమిది వేల చిల్లర పోసి కొనుక్కున్నాక ఇంకా మర్యాదలెందుకని నువ్వే అంటున్నాను, ఏమనుకోవద్దు.

మొన్న ఆదివారం పొద్దున్నే మైపాడు రోడ్డు పక్కన ఒక రొయ్యల గుంట గట్టు మీద మోకాళ్ల దాకా బురదతో నిలబడి ఉన్నాను. నా విమానం గుంట మధ్యలో ఉంది. పక్షులు వాలకుండా కట్టిన దారాలకు ఒక రెక్క తగులుకుని, ముక్కు నీళ్లలో పెట్టి, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ కొట్టే అలలకు మెల్లగా తోక ఊపుతోంది. గుంట కాపలా ఆయన బీడీ ఆర్పి, దాని వైపు చాలాసేపు చూసి, "ఏందబ్బయ్యా, ఇది ఎన్ని కౌంటు?" అన్నాడు. నీకు తెలీదులే, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదీ కౌంటు. బ్యాటరీతో కలిపి నా విమానం కిలోకి కాస్త తక్కువ. ఒకటో కౌంటు! ఇక్కడ పెంచే వెనామీ రకం రొయ్యల్లో అంత పెద్ద సరుకు మా నెల్లూరు జిల్లాలో ఇంతవరకు ఎవరికీ పడలేదు.

అంతకుముందు రాత్రే గదా నీ తెర మీద విమానాన్ని తలకిందులు చేసి, రన్‌వేకి రెండడుగుల ఎత్తులో ఈ చివర నుంచి ఆ చివరకు పోనిచ్చింది? నువ్వు చూపించే ఆ మైదానం ఏం మైదానం! మంగలి షాపులో కత్తిరించినట్టు గడ్డి. గేదె లేదు, కరెంటు తీగ లేదు, సర్కారు తుమ్మ లేదు, "దీంట్లో కెమెరా పెట్టి మా గుంటలు ఫొటో తీస్తన్నావా" అని అడిగే మనిషి లేడు. గాలి కూడా సున్నాకి పెట్టుకుంటే సున్నాలోనే ఉంటుంది. మా దగ్గర ఎండాకాలం సముద్రం గాలి మొదలయ్యిందంటే, తేలికపాటి ఫోమ్ విమానం ముందుకు పోతోందో వెనక్కి వస్తోందో తేల్చుకోలేక అట్టే గాల్లో నిలబడిపోతుంది.

అయినా నా కోపం గడ్డి మీద కాదు, స్పేస్‌బార్ మీద. కూలిందా, స్పేస్‌బార్ నొక్కు, అర సెకనులో కొత్త విమానం రెడీ. మొదటి రోజు నలభై ఒకటి దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత మానేశాను. మిద్దె ఎక్కితే శ్రీహరికోట రాకెట్టు కనపడే ఊరు మాది. 1979 ఆగస్టులో అక్కడి నుంచి లేచిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది. తర్వాతది 1980 జులైలో లేచింది. అబ్దుల్ కలాం గారంతటి వాళ్లకే పడినదాన్ని మళ్లీ లేపడానికి పదకొండు నెలలు పట్టింది, నువ్వేమో నాకు అర సెకను అలవాటు చేశావు. గుంటలోకి దూసుకుపోతున్న ఆఖరి క్షణంలో నా వేలు చేతిలోని ట్రాన్స్‌మిటర్ మీద, అంటే విమానాన్ని నడిపే రిమోట్ మీద, స్పేస్‌బార్ కోసం వెతికింది, నిజం.

సరే, ఇంతసేపు నిన్ను తిట్టాను కాబట్టి అసలు సంగతి కూడా చెప్పాలి. తప్పు నాదే.

కేబుల్‌తో ట్రాన్స్‌మిటర్‌ని లాప్‌టాప్‌కి కలిపిన మొదటి రోజు తెర మీద ఎయిలరాన్, అంటే విమానాన్ని పక్కకి వాల్చే రెక్క పలక, తిరగబడి పనిచేసింది, ఎడమకి తోస్తే కుడికి. నీ సెట్టింగుల్లో మార్చుకోవాల్సింది పోయి, బద్ధకం కొద్దీ ట్రాన్స్‌మిటర్‌లోనే ఆ ఛానల్‌ని రివర్స్ చేశాను. దాంట్లో ఇరవై మోడళ్ల సెట్టింగులు విడివిడిగా దాచుకోవచ్చు, సిమ్యులేటర్‌కి ఒకటి కేటాయించి ఉంటే పోయేది. మళ్లీ వెనక్కి మార్చడం మర్చిపోయాను. ఎగరేసే ముందు స్టిక్ కదిపి రెక్కల వైపు ఒక్కసారి చూసినా తెలిసేది, చూడలేదు, ఎందుకంటే నీ దగ్గర విమానం ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది, చూసే అలవాటే లేదు. చేత్తో విసిరాను, కుడి రెక్క కొంచెం వాలింది, ఎడమకి తోశాను, ఇంకా వాలింది, ఇంకా తోశాను. మోటార్ వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, రెక్క పలకల్ని కదిపే రెండు సర్వోలు, బ్యాటరీ ఉప్పు నీళ్లకి పోయాయి. మోటార్‌ని మాత్రం మంచినీళ్లలో కడిగి ఆరబెడితే తిరుగుతోంది.

మరి పెట్టిన డబ్బులు దండగేనా అని మా బామ్మర్ది అడిగాడు. వాడికీ ఈ పిచ్చి అంటుకుంది లే. విమానం మన మీదకి వస్తున్నప్పుడు కుడి ఎడమ తారుమారవుతాయి. ఏ రెక్క కిందికి వాలితే స్టిక్ అటే తొయ్యాలన్నది చదివితే అర నిమిషంలో అర్థమవుతుంది, బొటనవేలికి ఎక్కడానికి మాత్రం నెల పడుతుంది. పెద్ద ఊళ్లలో అయితే క్లబ్బులు, రెండు ట్రాన్స్‌మిటర్లు కలిపి పక్కన నిలబడి నేర్పేవాళ్లు. నాకు పక్కన నిలబడింది గుంట కాపలా ఆయనొక్కడే. ఆ నెల రోజుల గురువువి నువ్వే, కాదనను. కానీ ఆ పాఠం పికాసిమ్ అనే ఇంకో సిమ్యులేటర్ కూడా నేర్పుతుంది, ఉచితంగా. అందుకే బామ్మర్దికి చెప్పాను: ముందు నీ ట్రాన్స్‌మిటర్‌కి సరిపడే కేబుల్ కొను, కొన్ని వందల్లో వస్తుంది, గేమ్ ప్యాడ్‌తో మాత్రం నేర్చుకోవద్దు, దాని స్టిక్ వదిలితే మధ్యకి ఎగిరొస్తుంది, మోటార్ వేగం పెంచే మన థ్రాటిల్ స్టిక్ పెట్టిన చోటే ఉంటుంది. ఫోమ్ విమానానికి ఉచితంగా దొరికేది చాలు. రేపు హెలికాప్టర్ మీదకి మనసు పోయిందా, అప్పుడు కళ్లు మూసుకుని డబ్బులు కట్టు, దాంట్లో ఒక్కసారి పడితే బ్లేడ్లు, షాఫ్టు, గేర్లు అన్నీ కలిపి సిమ్యులేటర్ ఖరీదు వైపు పరిగెత్తుతాయి. నేను ఎనిమిది వేలు పెట్టింది మాత్రం ఎక్కువభాగం ఆ గడ్డి అందానికే, సిగ్గుపడకుండా ఒప్పుకుంటున్నా.

ఇంక ఒకే ఒక్క కోరిక. కొత్త విమానాల ప్యాకేజీ తగ్గింపు ధరకి ఇస్తామని మళ్లీ మళ్లీ ఊరిస్తున్నావు గదా, ఆ విమానాలు నాకొద్దు. ఈసారి అప్‌డేట్‌లో ఒక రొయ్యల గుంట పెట్టు. దాని మీద అడ్డదిడ్డంగా దారాలు కట్టు. గట్టు మీద బీడీ తాగుతూ ఒక మనిషిని కూర్చోబెట్టు. కూలినప్పుడు స్పేస్‌బార్ నొక్కితే విమానం రాకూడదు, ఆయన తీరిగ్గా లేచి "మేత టైము అయినాక దిగుతాలే, కూసో" అనాలి.

ఇట్లు,
ఒకటో కౌంటు ఆసామి, నెల్లూరు

తా.క.: నీ పుణ్యమా అని నా లాప్‌టాప్ స్పేస్‌బార్ ఎడమ చివర నొక్కితేనే పనిచేస్తోంది. ఈ ఉత్తరంలో ఎక్కడైనా రెండు మాటలు అతుక్కుపోయి ఉంటే ఆ తప్పు మాత్రంనాదికాదు.