అటకెక్కినవే మిగిలాయి

వారపత్రికలో కొత్త సీరియల్ మొదలైందంటే ఇంట్లో పుస్తకానికి వంతులు పడేవి. అందరూ చదివేశాక ఆ నాలుగు పేజీలూ జాగ్రత్తగా చింపి దాచేవారు. కథ ముగిసిన వారం దబ్బనంతో మూడుచోట్ల పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్ట వేస్తే నవల తయారు. మధ్యలో ఏదో వారం పేజీలు పోతే పక్కింట్లో అడిగి తెచ్చుకునేవారు, తిరిగివ్వడం మాత్రం మర్చిపోయేవారు. పేజీల వెనక సగం తెగిన వంటల శీర్షిక, కొబ్బరినూనె ప్రకటన అదనం. ఇలాంటి కుట్టుపుస్తకాలు మన ఇళ్ల అటకల మీద ఇప్పటికీ ఉన్నాయి. పుస్తకంగా అచ్చుకు నోచుకోని సీరియళ్లు చాలావాటికి అదే చివరి చిరునామా.

పత్రికలు ఒక్కరోజులో పోలేదు. 1924లో పుట్టిన ‘భారతి’ 1991లో ఆగింది. 1947 జులైలో మద్రాసులో మొదలైన ‘చందమామ’ అరవై ఏళ్లు దాటాక కనుమరుగైంది. 2020లో లాక్‌డౌన్‌తో బస్సులూ రైళ్లూ నిలిచిపోయినప్పుడు ఆంధ్రభూమి, నవ్య ఆగాయి. మరుసటి ఏడు విపుల, చతుర, తెలుగు వెలుగు, బాలభారతం వంతు వచ్చింది. తప్పంతా కరోనా మీదికి నెట్టేయడం తేలికే. కానీ అప్పటికే చీరల కొట్టు, సబ్బుల కంపెనీ తమ ప్రకటనల డబ్బు ఫోన్లోకి మళ్లించేశాయి. అట్ట మీద ధర చూసి పత్రిక దానితోనే బతుకుతుందని చాలామంది అనుకుంటారు. ఆ డబ్బులో ఏజెంటు కమీషన్, రవాణా పోగా మిగిలేది కాగితానికే చాలదు. కేంద్రం 2019 బడ్జెట్లో పత్రికలు అచ్చేసే న్యూస్‌ప్రింట్ కాగితం మీద 10 శాతం దిగుమతి సుంకం వేసి, పత్రికలవాళ్లు గోల చేశాక 5 శాతానికి దిగింది. పత్రిక నడిపే మాకు ఈ లెక్కలు కొత్తవేం కాదు, మేమూ ఆ తాను ముక్కలమే.

అయితే ‘చదివేవాళ్లే లేరు’ అనే ఏడుపులో మేం గొంతు కలపం. హైదరాబాద్ మెట్రోలో ఓ సాయంత్రం నిలబడి చూడండి, వేలితో తెర పైకి తోసుకుంటూ సీరియల్ చదివే ఆడవాళ్లు కనిపిస్తారు. ప్రతిలిపి లాంటి యాప్‌లలో భాగాల మీద భాగాలు నడుస్తున్నాయి. అప్పట్లో కథ మంచి పట్టులో ఉండగా ‘సశేషం’ అనేవారు, ఇప్పుడు తాళం బొమ్మ వేస్తున్నారు, అంతే తేడా. అమెరికా తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన వెబ్ పత్రిక ‘ఈమాట’ కాగితం మొహమే చూడకుండా పాతికేళ్లు దాటింది. ఇక కాగితం వాసన అంటారా, ఆ కాగితంలో సగం పకోడీల పొట్లాలకే పోయింది.

మా బెంగల్లా దాచడం గురించే. చందమామ సంగతే చూడండి. అచ్చు ఆగిపోయినా వెబ్‌సైట్ ఉంది కదా అనుకున్నారు జనం. యాజమాన్య సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది, 2016లో ఆ సైటు కూడా మూతపడింది. ఇవాళ మనవడికి పాత బేతాళ కథ చదివి వినిపించగలుగుతున్నామంటే, అభిమానులు ముందే దింపుకున్న పీడీఎఫ్‌లు, ఇళ్లలో మిగిలిన ప్రతుల స్కాన్ల పుణ్యమే. కంపెనీ దివాలా తీసినా అటక మీది సంచికను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. యాప్‌లో డబ్బు కట్టి చదివే కథకు ఆ ధీమా లేదు. సర్వర్ అద్దె కట్టడం మానేసిన రోజు చదివినవాళ్లకీ రాసినవాళ్లకీ చేతిలో ఏమీ మిగలదు.

అచ్చయినవాటిని దాచడానికి 1954లోనే చట్టం వచ్చింది. దేశంలో ఏ పుస్తకం అచ్చయినా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబై, ఢిల్లీల్లోని మరో రెండింటికి ప్రతులు పంపాలి. 1956లో పత్రికలనూ అందులో చేర్చారు. తెర మీద మాత్రమే వచ్చే వాటి ఊసు ఆ చట్టంలో లేదు. ఇక మన గ్రంథాలయాల పేరు చెప్పి ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు వసూలు చేస్తున్నారు. పురపాలికలు వసూలు చేసినంత చురుగ్గా దాన్ని గ్రంథాలయ సంస్థలకు జమ చేయవు. ఆ బకాయిల మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. అయినా పాత పత్రికల కోసం పరిశోధకులు ఈరోజుకీ రైలెక్కి వెళ్లేది వేటపాలెం సారస్వత నికేతనానికే. 1918లో ఊరివాళ్లు పెట్టుకున్న లైబ్రరీ అది.

పత్రిక మూసేవాళ్లను మేం అడిగేది చిన్నదే. చాలా ఏళ్లుగా ప్రతి పేజీ కంప్యూటర్లో తయారయ్యాకే ప్రెస్సుకు వెళ్తోంది. ఆ ఫైళ్లన్నీ ఒక హార్డ్‌డిస్క్‌లో పెట్టి రెండు రాష్ట్రాల పెద్ద గ్రంథాలయాలకు ఇవ్వడానికి కోట్లేం అక్కర్లేదు. వాటిని చదువరులకు చేర్చే ఏర్పాటు ప్రభుత్వాలు చేయాలి, ఆ సెస్సు డబ్బులతోనే చేయొచ్చు. కేంద్రం ఆ 1954 చట్టంలో డిజిటల్ పత్రికలను చేర్చాలి. ఈ సంపాదకీయాన్ని మీలో ఎక్కువమంది ఫోన్లోనే చదువుతున్నారని మాకు తెలుసు. అచ్చయిన కాపీ చట్టప్రకారం కోల్‌కతాకు వెళ్తుంది. మీ చేతిలో ఉన్నదాన్ని తీసుకోవడానికి మాత్రం ఎక్కడా ఎవరూ లేరు.