రక్తప్రసరణ మాత్రతో షుగర్ పుండు మానదు

"షుగర్ ఉన్నవాళ్ల పాదాల్లో సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తప్రసరణ పెంచే మాత్ర వేసుకుంటే అవి తెరుచుకుంటాయి, తిమ్మిరి పోతుంది, పుండు మానుతుంది. పాదం వెచ్చగా ఉంటే భయం లేదు. ఈ మాత్ర ఎవరైనా వాడొచ్చు, కాలు తీసే అవసరం రాదు." చాలామంది ఒకరికొకరు పంపుకుంటున్న సందేశం ఇది. నమ్మినవాళ్లు వైద్యం ఆలస్యం చేసుకుంటున్నారు, అందుకే రాస్తున్నాను.

సన్న నాళాలు మూసుకుపోతాయన్న నమ్మకం 1959లో వచ్చిన ఒక పరిశోధనతో పాతుకుపోయింది. అది తప్పని 1984లో అమెరికా వైద్యులు లోజర్ఫో, కాఫ్‌మన్ వివరించారు. షుగర్ వల్ల రక్తకేశనాళికల (అతి సన్నటి రక్తనాళాల) గోడలు మందమవుతాయి, అవసరానికి తగ్గట్టు విప్పారే గుణం తగ్గుతుంది, నిజమే. కానీ పూడుకుపోయేవి ముఖ్యంగా మోకాలి కింది ధమనులు. ఈ తేడా తెలియాలి, ఎందుకంటే ధమనిలోని అడ్డును చాలాసార్లు బెలూన్‌తోనో బైపాస్‌తోనో దాటించవచ్చు.

వెచ్చటి పాదం సంగతి మరీ మోసం. రక్తనాళాలను అదుపు చేసే నరాలు దెబ్బతింటే, రక్తం చర్మాన్ని పోషించే కేశనాళికల్లోకి వెళ్లకుండా అడ్డదారిన నేరుగా సిరల్లోకి మళ్లుతుంది. పాదం వెచ్చగా ఉంటుంది, సిరలు ఉబ్బి కనిపిస్తాయి, చర్మానికి మాత్రం ఆక్సిజన్ చాలదు. ఇక ధమని పూడిన చోట, దాని దిగువ నాళాలు అప్పటికే విప్పారి ఉంటాయి. మాత్ర వాటిని కొత్తగా తెరిచేది పెద్దగా ఉండదు.

ఆ మాత్రలేమిటి? సిలోస్టజాల్, పెంటాక్సిఫిలిన్. మొదటిది నడిస్తే పిక్కలు పట్టేసేవారు ఇంకొంత దూరం నడవడానికి పనికొస్తుంది. రెండోదానికి ఆ ప్రయోజనం కూడా లేదని 2016 అమెరికా గుండె వైద్యుల మార్గదర్శకాలు తేల్చాయి. 2025లో సెమాగ్లూటైడ్ అనే షుగర్ మందు గురించి వచ్చిన మంచి ఫలితం కూడా నడక దూరానికి సంబంధించిందే. పుండు మానడానికి రక్తప్రసరణ మందులు వాడొద్దనే 2023 అంతర్జాతీయ డయాబెటిక్ ఫుట్ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. తిమ్మిరికి మూలం నరాల దెబ్బ, ఈ మాత్రలు దాన్ని బాగుచేయవు.

"ఎవరైనా వాడొచ్చు" అన్న మాట ప్రమాదకరం. హార్ట్ ఫెయిల్యూర్ ఏ స్థాయిలో ఉన్నా సిలోస్టజాల్ వాడకూడదు. షుగర్ రోగుల్లో ఆ జబ్బు అరుదేమీ కాదు. కంటి రెటీనాలో ఈమధ్య రక్తస్రావం అయినవారు పెంటాక్సిఫిలిన్ ముట్టుకోకూడదు.

కాలు నిలబెట్టేవి వేరే ఉన్నాయి: పుండు మీద బరువు పడకుండా చూసే కట్టు లేదా చెప్పులు, చీముకు వెంటనే చికిత్స, పొగ మానడం, ధమనుల పరీక్ష. షుగర్‌లో ధమనులు గట్టిపడి, చీలమండ దగ్గర కొలిచిన ప్రెషర్ బాగున్నట్టే కనబడవచ్చు. అందుకే కాలి బొటనవేలి ప్రెషర్ కూడా చూడమని అడగండి. పుండు ఉండి ఆ వేలి ప్రెషర్ 30 mmHg కంటే తక్కువ వస్తే, ఆలస్యం చేయకుండా రక్తనాళాల సర్జన్‌ను కలవాలి.