మా అమ్మ యూత్ కమిటీ మెంబరు

మా వార్డు యువజన కమిటీలో 15 మంది ఉన్నారు. పద్నాలుగు మంది పోరగాళ్లు, పదిహేనో మెంబరు మా అమ్మ. ఆమెకు 72 ఏళ్లు. లిస్టులో మాత్రం 27. టైపు చేసినాయన అంకెలు అటుదిటు వేశాడు, అంతే, నలభై ఐదేళ్లు ఎగిరిపోయాయి. నాకు 44. అంటే సర్కారీ లెక్క ప్రకారం నేను మా అమ్మకంటే పదిహేడేళ్లు పెద్ద.

ఏ మున్సిపాలిటీ అని అడగొద్దు, అక్కడే బతకాలి. నల్లగొండ జిల్లా అని చెప్తే చాలు. 2018 ఆగస్టు దాకా మాది గ్రామ పంచాయతీ. ఆ నెలలో రాష్ట్రమంతటా ఒకేసారి 68 కొత్త మున్సిపాలిటీలు పుట్టాయి, మాదీ అందులో ఒకటి. రాత్రి పల్లెటూరోళ్లుగా పడుకుని పొద్దున్నే పట్టణవాసులుగా లేచాం. ఉపాధి హామీ పని పోయింది, ఎందుకంటే అది పల్లెలకే. ఇంటి పన్ను పెరిగింది. బర్రెలు మాత్రం అవే, రోడ్డు నడిమధ్య అదే జాగలో.

ఆ తర్వాత 2019లో కొత్త మున్సిపల్ చట్టం వచ్చింది. నిజం చెప్పాలంటే అది చదివితే మనసుకు హాయిగా ఉంటుంది. 75 గజాల లోపు జాగలో ఇల్లు కట్టుకుంటే పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. నాటిన మొక్కల్లో నూటికి 85 బతకకపోతే కౌన్సిలర్ పదవికే ఎసరు. ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు, యువకులది, మహిళలది, సీనియర్ సిటిజన్లది, ప్రముఖులది, ఒక్కోదాంట్లో 15 మంది. అంటే వార్డుకు 60 మంది అడిగేవాళ్లు ఉంటారన్నమాట. 2020 ఫిబ్రవరిలో పట్టణాలను బాగుచేస్తామని సర్కారు 'పట్టణ ప్రగతి' కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఈ లిస్టులు హడావిడిగా తయారుచేశారు. ఎవరు ఇంటి ముందు కనపడితే వాళ్ల పేరు రాసుకుపోయారు. అమ్మ ఆ టైంలో అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది.

సంగతి మాకు ఫోన్‌లో తెలిసింది.

"యూత్ కమిటీ మెంబరు గారేనా అండీ? రేపు పొద్దున్నే టూకే రన్ ఉంది. మీ టీషర్టు సైజు చెప్తే..."

"ఉరుకుడు నాతోని గాదు బిడ్డా, మోకాళ్లు లేవు. టీషర్టయితే పెద్దది పంపుండ్రి, మా పిలగానికి అయితది."

అవతల మనిషి కాసేపు ఏం మాట్లాడలేదట. 27 ఏళ్లకే మోకాళ్లు పోవడం ఏంటని అనుకోవాల్సిన పనేం లేదు, మా జిల్లాలో అదేం వింత కాదు. ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగిన ఊళ్లు ఇవి. మా జిల్లా పేరు మీద ప్రపంచానికంతా తెలిసిన టెక్నిక్ కూడా ఉంది, పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి, 'నల్లగొండ టెక్నిక్' అని పుస్తకాల్లో రాస్తారు. పేరు ప్రపంచానికి పోయింది, మోకాళ్ల నొప్పులు మాకు మిగిలాయి. మిషన్ భగీరథ నల్లా వచ్చాక ఆ బాధ తగ్గింది, కాకపోతే ఆ నల్లా ఏ టైంకు వస్తుందో తెలుసుకోవడం ఇంకో బాధ.

సరే, వయసు సరిచేయిద్దామని నేను ఆఫీసుకు పోయాను. అక్కడి క్లర్కు మంచివాడే. లిస్టు చూసి, నన్ను చూసి, మళ్లీ లిస్టు చూసి నవ్వు ఆపుకున్నాడు.

"మార్చొచ్చు సార్. కాని మారిస్తే ఆమెను యూత్ కమిటీలోంచి తీసి సీనియర్ సిటిజన్ల కమిటీలో వెయ్యాలె. అక్కడ పదిహేను ఫుల్లు."

"ఖాళీ ఎప్పుడు అయితది?"

"సీనియర్ సిటిజన్ల కమిటీల ఖాళీ ఎట్ల అయితదో మీకు తెల్వదా సార్?"

ఇంటికొచ్చి చెప్తే అమ్మ అగ్గి మీద గుగ్గిలం అయింది. "వాళ్లంతట వాళ్లే నా వయసు తగ్గిచ్చిండ్రు. ఎవన్నో సంపి దాన్ని మళ్ల పెంచుకునుడు నాకెందుకురా?" అని ఆ ఫైలు అక్కడే క్లోజ్ చేసింది.

ఆ తర్వాత మొదటి మీటింగ్ వచ్చింది. మిగతా మెంబర్లలో సగం మంది హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో ఉన్నారు, ఇంకొందరు ఫోన్లలో ఉన్నారు. అమ్మ ఒక్కతే టైంకు ముందే పోయి ముందు కుర్చీలో కూర్చుంది. చేతిలో ఆస్తిపన్ను రసీదు. ఏప్రిల్ నెల దాటకుండా కడితే 5 శాతం తగ్గుతుందని ప్రతి ఏడాదీ అందరికంటే ముందు కట్టే మనిషి, ఆ రసీదును ఇన్విటేషన్ కార్డు లెక్క పట్టుకుపోయింది. ఎజెండాలో ఉన్నవి సెల్ఫీ పాయింటు, గోడల మీద బొమ్మలు. ఆమె ఎజెండా వేరే, మా గల్లీ మోరీ.

మా మోరీ కథ ఇదీ. వానాకాలం ముందు మోరీలో పూడిక తీసి పక్కనే కుప్ప పోస్తారు. ఎందుకు ఎత్తుకపోరు అంటే, ఆరాలె అంటారు. అది ఆరేలోపు వాన పడుతుంది. వానకు ఆ కుప్ప మొత్తం బుద్ధిగా మళ్లీ మోరీలోకే పోతుంది. మళ్లీ తీస్తారు, మళ్లీ ఆరబెడతారు. తీసే మనుషుల తప్పేం లేదు పాపం, చేతులకు గ్లౌజులు కూడా ఉండవు, జీతం ఎప్పుడు పడుతుందో తెలియదు, అమ్మ వాళ్లకు చాయ్ పోసి ఈ వివరాలన్నీ ముందే రాబట్టింది. ఎత్తుకపోవడానికి ట్రాక్టర్ ఉండాలి. ట్రాక్టర్ ఏదంటే రిపేర్‌లో ఉందని సమాధానం.

"రిపేరుల ఉన్న ట్రాక్టరుకు డీజిల్ ఎంత రాసిండ్రు సారూ?" అని అడిగింది అమ్మ. అప్పటిదాకా ఫోన్లలో ఉన్న పోరగాళ్లు తలలు పైకెత్తారు.

ఇదొక్కటే కాదు. మావాడు, అంటే ఆమె మనవడు, రాత్రిళ్లు కూర్చుని ఆమెకు రాజ్యాంగం చదివి వినిపించాడు. 74వ సవరణ, 1993 నుంచి అమల్లో ఉంది, పన్నెండో షెడ్యూల్‌లో పట్టణ పాలక సంస్థలకు ఇవ్వదగ్గ పనులు 18 రాసి ఉన్నాయి. నీళ్లు, చెత్త, వీధి లైట్లు, శ్మశానాలు, జనన మరణ లెక్కలు. అమ్మకు మాత్రం అందులో ఒకటే నచ్చింది.

"బందెలదొడ్డి గూడ మీ పనే నట గద సారూ? రోడ్డు మీది బర్రెలను తీస్కపోయి అండ్ల ఎందుకు కట్టేస్తలేరు?"

ఆ బర్రెలు ఎవరివో రూములో అందరికీ తెలుసు. ఎవరూ ఆయన వైపు చూడలేదు, అందరూ సీలింగ్ ఫ్యాన్ వైపు చూశారు. పెద్ద సారు మాత్రం "నోట్ చేసుకోండి" అన్నాడు. క్లర్కు నోట్ చేసుకున్నాడు. పెన్ను మూత తీయలేదని అమ్మ చూసింది. "మూత తీసి రాయి బిడ్డా" అంది.

నాకు నచ్చింది ఏంటంటే ఆమె అడిగినవాటిలో ఒక్కటి కూడా కొత్త కోరిక కాదు. అన్నీ వాళ్ల కాగితాల మీద ఉన్నవే. మనం చట్టాలు రాయడంలో ఎప్పుడూ వెనకపడలేదు, ఆ కాగితం చేతిలో పట్టుకుని ముందు కుర్చీలో కూర్చునే మనిషే దొరకడు. వార్డుకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని మూడు నెలలకోసారి వార్డు మధ్యలో మైకు పెట్టి చదివితే సగం పంచాయితీ అక్కడే తెగుతుంది, అది చేయడానికి కొత్త భవనాలు, కొత్త యాప్‌లు అక్కర్లేదు, మైకు టెంట్‌హౌస్‌లో కిరాయికి దొరుకుతుంది. కమిటీలకు నిధులు లేవు, అధికారం లేదు, మీటింగ్ పెట్టకపోయినా అడిగే దిక్కు లేదు. చట్టంలో ఆ బొక్క పూడ్చకుండా ఎన్ని ప్రగతులు పెట్టినా అది మా మోరీ పనే.

ఆ వారమే ట్రాక్టర్ రిపేర్ అయిపోయింది. మెకానిక్ ఎవరో గాని చేతిలో మహిమ ఉంది. మా గల్లీలో తీసిన పూడికను ఏ పూటకాపూటే ఎత్తుకపోతున్నారు, అమ్మ అరుగు మీద కూర్చుని ట్రిప్పులు లెక్కపెడుతుంది. బర్రెలు మాత్రం ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి, కాకపోతే మా ఇల్లు దాటేటప్పుడు వాటిని తోలే పిలగాడు కొంచెం తొందరగా తోలుతున్నాడు.

చిక్కు వెనక గల్లీ వాళ్లతో వచ్చింది. వాళ్ల పూడిక ఇంకా ఒడ్డునే ఆరుతోంది. వాళ్లందరూ కలిసి ఒక అర్జీ రాసి, సంతకాలు పెట్టి, ఆఫీసులో ఇచ్చి వచ్చారు. తమ వైపు నుంచి కూడా ఒక ముసలామెను యూత్ కమిటీలో వెయ్యాలని అందులో కోరారు. క్లర్కు అర్జీ తీసుకుని, స్టాంపు కొట్టి, ఈసారి పెన్ను మూత తానే తీసి అడిగాడట: "వయసు ఎంత వెయ్యమంటరు?"