కరివేపాకు సన్మానం

డాలస్ చుట్టుపక్కల పెరళ్లలో నేల చాలావరకు నల్లరేగడే. వాన పడితే అడుగు తీసినా చెప్పు రాదు, ఎండ కాస్తే పగుళ్లలో కారు తాళాలు పడిపోతాయి. ఆ నేలలోనే మా ఆవిడ ఏటా బీర, దోస, గోంగూర పండించి నలుగురికీ పంచుతుంది. అంతటితో ఆగితే ఈ కథే లేదు. ఒకరోజు భోజనాల దగ్గర "మాస్టర్ గార్డెనర్ ట్రైనింగ్‌లో చేరుతున్నానండీ" అంది.

ఇదొక స్వచ్ఛంద సేవ. 1973లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైంది. టొమాటో ఆకులు ఎందుకు ముడుచుకున్నాయి, ఇంటిముందు గడ్డి ఎందుకు ఎండిపోయింది అంటూ జనం చేసే ఫోన్లకు జవాబు చెప్పలేక అక్కడి వ్యవసాయ విస్తరణ అధికారులకు ప్రాణం విసిగింది. మొక్కల పిచ్చి ఉన్నవాళ్లను పోగేసి పాఠాలు చెప్పి, ఫోన్లు వాళ్లకి అప్పగించారు. టెక్సస్‌లో ఏ అండ్ ఎం యూనివర్సిటీ విస్తరణ విభాగం దీన్ని నడుపుతుంది. కనీసం 50 గంటల పాఠాలు, ఆ తర్వాత 50 గంటల సేవ. అవన్నీ పూర్తయ్యేదాకా ఇంటర్నే. ఫీజు కట్టి మరీ జీతం లేని ఉద్యోగంలో చేరినవాళ్లు మా రెండు వైపుల బంధువుల్లోనూ ఇంకెవరూ లేరు.

మొదట హార్లిక్స్ సీసా పోయింది. మన్నులో ఏది ఎంతుందో చూడ్డానికి అందులో పెరటి మన్ను, నీళ్లు పోసి గిలక్కొట్టి, స్టవ్ పక్కన పెట్టి, "కదిపితే ఊరుకోను" అని చీటీ అంటించింది. ఇసుక ఒక్క నిమిషంలో అడుగుకు చేరుతుందట, ఒండ్రుకు కొన్ని గంటలు, బంకమన్నుకు ఒకటి రెండు రోజులు. మా సీసాలోని బంకమన్నుకు దిగే ఉద్దేశం ఉన్నట్టు కనపడలేదు. దాన్ని కదపకుండా పోపు పెట్టడం ఎంత కష్టమో పెట్టినవాళ్లకే తెలుస్తుంది. ఆ వారం వంట నాది.

తర్వాత ఫ్రీజర్. పురుగును చెదరకుండా చంపి దాచాలంటే ఫ్రీజర్ మంచిదని పాఠంలో చెప్పారు. టొమాటో మొక్కల మీద పట్టిన హార్న్‌వార్మ్‌లను ఖాళీ పెరుగు డబ్బాలో వేసి లోపల పెట్టింది. డబ్బా మీద పేరు కూడా రాసింది, పాపం. కానీ అమెరికాలో తెలుగువాళ్ల ఇంట్లో పెరుగు డబ్బా మీద ఏం రాసుందో ఎవరు చూస్తారు? అందులో సాంబారు ఉండొచ్చు, అల్లం వెల్లుల్లి ముద్ద ఉండొచ్చు, పెరుగు మాత్రం ఉండదు. అప్పటికి ఆరు నెలల కోసం తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అమ్మ, కళ్లజోడు లేకుండా ఆ డబ్బా తీసింది. వేలెడు పొడవు, పచ్చ రంగు, పక్కల తెల్లటి చారలు. కత్తిపీట ముందేసుకుని కూర్చుని, "అమ్మాయ్, మీ దేశంలో దొండకాయలకి తోకలుంటాయేంటే?" అంది.

మా ఆవిడ పరుగెత్తుకొచ్చేసరికి ఒక పురుగు రెండు ముక్కలైపోయింది. అత్తాకోడళ్లు ఆ సాయంత్రం మాట్లాడుకోలేదు. కూర కూడా లేదు.

ఈ ట్రైనింగ్‌లో గట్టి నియమం ఒకటుంది. పరిశోధనలో తేలిందే చెప్పాలి, మా బామ్మ ఇలా చేసేది అంటే కుదరదు. టొమాటో కాయ అడుగు నల్లబడుతోందని మా అమ్మ గుడ్డు పెంకులు దంచి తెస్తే, పెంకులు మట్టిలో అంత త్వరగా కరగవనీ, ముందు నీళ్లు ఒకే తీరుగా పెట్టాలనీ మా ఆవిడ పాఠం చెప్పింది. "నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన ఇల్లు మాది" అని మా అమ్మ. "అందులో టొమాటోలు ఎన్నేళ్లు వేశారు అత్తయ్యా?" అని ఈవిడ. నేను చారులో ఉప్పు సరిపోయిందా అని మాట మార్చబోతే, "కలిపి చూసి చెప్పాలా, పైపైన తేట చూసి చెప్పాలా?" అంది మా ఆవిడ.

ఇక అసలు సంగతి. సేవ గంటల్లో భాగంగా మా ఊరి తెలుగు సంఘం హాల్లో చలికాలం కూరగాయల మీద మాట్లాడమన్నారు. పాలకూర, మెంతికూర, ముల్లంగి... స్లైడ్లన్నీ రెండు రాత్రులు కూర్చుని చేసింది. మూడో స్లైడ్‌కే వెనక వరసలోంచి చెయ్యి లేచింది.

"అమ్మా, కరివేపాకు గురించి ఎప్పుడు చెబుతారు?"

అంతే, హాలు హాలంతా మేలుకుంది. 2021 ఫిబ్రవరి మంచులో, కరెంటు లేని రాత్రి, పిల్లలకి కప్పాల్సిన రజాయి కరివేప కుండీకి కప్పానని ఒకావిడ చెప్పింది. ఆవిడ భర్త అవునన్నట్టు తలాడించాడు. ఆయనకీ రజాయి దక్కినట్టు లేదు.

మా ఆవిడ గొంతు సవరించుకుని నిజం చెప్పేసింది. కరివేప కూడా నిమ్మ, నారింజ కుటుంబంలోదే. దాని లేత చిగుళ్లంటే సిలిడ్ అనే చిన్న పురుగుకు మహా ఇష్టం. ఆ పురుగు నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ అనే తెగులు మోసుకెళ్తుంది, వచ్చిందంటే మందు లేదు. ఫ్లోరిడాలో 2005లో కనపడి అక్కడి నారింజ తోటల్ని కుదేలు చేసింది, టెక్సస్‌లో 2012లో బయటపడింది. హ్యూస్టన్ వైపు తెగులు క్వారంటైన్ ఉంది కాబట్టి అక్కడి నుంచి కరివేప మొక్కలు ఇటు తేకూడదు.

హాల్లో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. "మేం నారింజలు తినం కదమ్మా" అన్నారొక పెద్దాయన. ఇంకొకాయన "మా మొక్క విత్తనం అసలు సూట్‌కేసులో..." అని లేవబోతే వాళ్లావిడ చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

సంఘం అధ్యక్షుడు గారు ఇదంతా వినలేదు. వంటింట్లో పులిహోర చూసుకుంటున్నారు. చివర్లో చేతులు తుడుచుకుంటూ స్టేజీ ఎక్కి, మా ఆవిడకి శాలువా కప్పి, మైకు అందుకున్నారు.

"మొక్కల మనిషికి బొకే ఏం ఇస్తాం చెప్పండి! షుగర్‌ల్యాండ్‌లో మా బావమరిది పెరట్లోది. నిన్న హ్యూస్టన్ నుంచి వెనక సీట్లో సీటుబెల్టు పెట్టి మరీ తెచ్చా!"

మూడడుగుల కరివేప మొక్క. నిగనిగలాడుతోంది.

చప్పట్లు మొదలైనట్టే మొదలై ఆగిపోయాయి. మా ఆవిడ శాలువా జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సంచిలోంచి భూతద్దం తీసి, చిగురు మీదికి వంగింది. మొక్కకి దణ్ణం పెడుతోందనుకుని అధ్యక్షుడు గారు కళ్లు తుడుచుకున్నారు. ఫొటోగ్రాఫరు నాలుగు ఫొటోలు తీశాడు. సిలిడ్ ఆకు మీద తల కిందికి, తోక పైకి, ఏటవాలుగా కూర్చుంటుందట. గోధుమ రంగు, నువ్వుగింజంత. ఆవిడ వంగినచోటు నుంచి లేవకపోవడం చూసి, ఉన్నాయని నాకర్థమైంది.

మొక్కని రెండు నల్లటి చెత్త సంచుల్లో కట్టి మూతి బిగించాం. సోమవారం విస్తరణ విభాగం ఆఫీసు తెరవగానే ఫోన్ చేయాలి. కట్టేటప్పుడు మా అమ్మ పక్కకొచ్చి, "రెండు రెబ్బలన్నా తుంచనివ్వవే" అని గుసగుసగా అడిగింది. "అత్తయ్యా!" అని ఈవిడ అరిస్తే, పులిహోర ప్లేట్లు పట్టుకున్నవాళ్లు ఇటు తిరిగారు. ఆ పులిహోరలో కరివేపాకు ఎక్కడిదో ఆరోజు ఎవరూ అడగలేదు.

రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని సేవ గంటలు నింపుతోంది. ఎంతమందికి సమాచారం చేరింది అని ఒక గడి ఉంటుంది. అందులో 60 అని కొట్టి, కాసేపు ఆగి నావైపు తిరిగింది.

"ఏమండీ, 59 అని దిద్దనా?"